ముందు ఆ మందు పనిచెయ్యనివ్వండి

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల కోసం ఫాంటసీ నవల రాస్తున్నారు. రాజ్యంలో బూడిద జ్వరం ప్రబలింది. ఆస్థాన వైద్యుడైన ఆచార్యుడు వెన్నెల తీగ రసంతో ఒక మందు తయారుచేసి, దాన్ని అనాథ పిల్లల మీద రహస్యంగా పరీక్షిస్తున్నాడు. ఆయన శిష్యురాలు నీలకి పదహారేళ్ళు. ఆ సంగతి కనిపెట్టి ఎదురు తిరుగుతుంది, చివర్లో ఆయన తాళపత్రాలన్నీ తగలబెడుతుంది. చదివిన స్నేహితులు "బాగుంది కానీ, ఎవరు చెడ్డవాళ్ళో మొదటి పేజీలోనే తెలిసిపోతోంది" అన్నారు. సైన్సు ప్రయోగాల్లో నీతి గురించి ఇంకా లోతుగా ఎలా రాయాలి, చివర్లో తాళపత్రాలు కాల్చడం బాగుంటుందా అని అడిగారు.

నేను కథలు రాసే మనిషిని కాను. మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం చెప్పాను. పదకొండేళ్ళు ఎథిక్స్ కమిటీలో ఉన్నాను. మనుషుల మీద కొత్త మందు పరీక్షించాలంటే ముందు ఆ కమిటీ ఒప్పుకోవాలి. ఆ పదకొండేళ్ళలో మా ముందుకొచ్చిన పరిశోధకుల్లో మీ ఆస్థాన వైద్యుడిలాంటి క్రూరుడు ఒక్కడూ లేడు. అందరూ జబ్బు తగ్గించాలని తపన పడేవాళ్ళే. అయినా మేం చాలాసార్లు "ఇలా కుదరదు" అని ఫైలు వెనక్కి పంపాం. మంచివాళ్ళకి వద్దని ఎందుకు చెప్పాల్సి వచ్చిందో, మీ నవల అక్కడ మొదలవ్వాలి.

అందుకే నా మొదటి సలహా, ఆ మందుని పనిచెయ్యనివ్వండి. ఇప్పుడు మీ కథలో మందు తాగిన పిల్లలు రాళ్ళైపోతున్నారు. అది తప్పని ఎవరైనా అంటారు, అని పుస్తకం మూసేసి నిద్రపోతారు. అలా కాకుండా అదే మందుతో రాజ్యమంతా జ్వరం తగ్గిందనుకోండి. నీల తమ్ముడు కూడా దానితోనే బతికాడనుకోండి. ఇప్పుడు ఆచార్యుడు చేసింది తప్పా, ఒప్పా? పాఠకురాలికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఇది నా ఊహ కూడా కాదు. 1796 మే 14న ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ తన తోటమాలి కొడుకు, ఎనిమిదేళ్ళ జేమ్స్ ఫిప్స్ చేతి మీద గాటు పెట్టి, పాలు పితికే అమ్మాయి చేతి పొక్కులోంచి తీసిన ఆవు మశూచి రసి ఎక్కించాడు. జులై 1న అదే పిల్లాడికి అసలు మశూచినే ఎక్కించి చూశాడు. పిల్లాడికి ఏమీ కాలేదు. మశూచి టీకాకి దారి అక్కడే పడింది, ఇప్పుడు భూమి మీద ఆ జబ్బే లేదు. తర్వాత జెన్నర్ ఆ ఫిప్స్‌కి అద్దె లేకుండా ఇల్లు కూడా ఇచ్చాడు. అంతా మంచే జరిగింది. కానీ ఆ జులై ఉదయం ఏమవుతుందో జెన్నర్‌కి కచ్చితంగా తెలియదు. యజమాని అడిగితే తోటమాలి కాదనగలడా? ఆ ఉదయాన్ని మీరు మీ రాజ్యంలో రాయండి.

మీరు అనాథ పిల్లల్ని ఎంచుకున్నారు కాబట్టి ఇంకొకటి చెబుతాను. ఆ రోజుల్లో టీకా రసిని దూరదేశాలకి పంపడం కష్టం, దారిలో పాడైపోయేది. 1803 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం లా కొరునా రేవు నుంచి ఓడలో అనాథ శరణాలయాల్లోని 22 మంది మగపిల్లల్ని అమెరికా ఖండానికి పంపింది. ఇద్దరికి టీకా వేసి, పొక్కు పండగానే అందులోంచి తీసి మరో ఇద్దరికి వేస్తూ, దాన్ని సముద్రం దాటించారు. ఆ పిల్లల్ని చూసుకోవడానికి ఇసబెల్ జెండాల్ అనే ఆవిడ వెంట వెళ్ళింది, ఆవిడ కొడుకు కూడా ఆ 22 మందిలో ఉన్నాడు. లెక్కలేనన్ని ప్రాణాలు నిలబడ్డాయి. ఆ పిల్లలనే ఎందుకు ఎంచుకున్నారంటే, అడగాల్సిన తల్లిదండ్రులు ఎవరూ లేరు కాబట్టి. మీ ఆచార్యుడు అనాథల్ని ఎంచుకోవడానికి కారణం కూడా అదే అయ్యుండాలి. దాన్ని ఆయన నోట చెప్పించకండి. నీల శరణాలయం రిజిస్టరు తిరగేస్తుంటే, తండ్రి పేరు రాసే చోట ఖాళీ ఉన్నవాళ్ళే మందు జాబితాలో ఉన్నారని ఆమే గమనించాలి.

మన దగ్గర జరిగింది కూడా మీరు తెలుసుకోవాలి. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. చాలామంది హాస్టళ్ళలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ సమ్మతి పత్రాలు తీసి చూస్తే 9,543 పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదికలో రాసింది. టీకా మంచిదే. ఇప్పటికీ నేను మా బంధువుల పిల్లలకి వేయించమనే చెబుతాను. కానీ ఆ పిల్లల ఇంట్లో అమ్మానాన్నలు ఉన్నారు, వాళ్ళని ఎవరూ అడగలేదు. "పోనీలే, మేలే కదా చేసింది" అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో. మీ నవలలో రాజుగారు ఆ మాటే అనాలి, ఎంతో ప్రేమగా అనాలి.

ఇక సమ్మతి. మీ రెండో అధ్యాయంలో పదేళ్ళ పిల్లాడు "రాజ్యం కోసం నేను తాగుతాను" అని ముందుకొస్తాడు, నీల కళ్ళు చెమరుస్తాయి. అక్కడ ఆగి ఆలోచించండి. అనంతపురం జిల్లా బుక్కరాయసముద్రం చెరువు కథ మీకు తెలిసే ఉంటుంది. కట్ట తెగబోతోంది. బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మని బలి ఇస్తే నిలుస్తుందని దేవత పలికింది. ముసలమ్మ అత్తమామలకి, భర్తకి చెప్పుకుని, కట్టకి వెళ్ళిపోయింది. మా అమ్మమ్మ ఈ కథ చెప్పినప్పుడు "ఎంత గొప్ప ఇల్లాలు" అనేది. కమిటీలో చేరాక నాకు వేరే ప్రశ్న వచ్చింది. ముసలమ్మ వద్దంటే ఏమై ఉండేది? ఊరంతా కట్ట మీద నిలబడి చూస్తుంటే, కోడలు ఒప్పుకున్నదాన్ని ఒప్పుకోవడం అనవచ్చా? మేం ప్రతి ఫైలులోనూ వెతికింది అదే. వద్దంటే ఈ మనిషికి ఏమవుతుంది? అన్నం ఆగుతుందా, మంచం పోతుందా, డాక్టరుగారు పలకరించడం మానేస్తారా? ఏమీ కాదు అని గట్టిగా చెప్పగలిగితేనే ఆ మనిషి "సరే" అన్నదానికి అర్థం ఉంటుంది. అందుకని మీ కథలో ఒక పిల్ల వద్దనాలి. అందరిముందూ వద్దనాలి. ఆ సాయంత్రం అన్నం వడ్డించేటప్పుడు ఆమె పళ్ళెంలో ఏం పడిందో మీరు రాస్తే చాలు, నీతి గురించి ఇంకో వాక్యం రాయక్కర్లేదు.

డబ్బు సంగతీ ఇలాంటిదే. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ మలేరియా దోమ రహస్యాన్ని పట్టుకున్నాడని మనం బడిలో చదువుకున్నాం. ఆ దోమలకి రక్తం ఇచ్చిన రోగి హుస్సేన్ ఖాన్. ఒక్కో దోమ కుట్టినందుకు ఒక అణా ఇచ్చారు. పది దోమలు, పది అణాలు. రాస్‌కి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అణా తీసుకోవడం తప్పని నేను అనను, కష్టానికి కూలి ఇవ్వాల్సిందే. ఆకలితో ఉన్నవాడి ముందు అణా పెట్టి "నీ ఇష్టం" అనడంలో ఉన్న ఇబ్బందిని మాత్రం మీ పాఠకులు పదిహేనేళ్ళకే అర్థం చేసుకోగలరు. వాళ్ళని తక్కువ అంచనా వెయ్యకండి.

నీల వయసు గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, మీ నవలకి గుండె అక్కడే ఉందని నా నమ్మకం. మన దేశంలో ఐసీఎంఆర్ నియమాల ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద పరిశోధన చెయ్యాలంటే తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. అంతటితో అయిపోదు. ఏడేళ్ళు దాటిన పిల్లల్ని కూడా అడగాలి. ఏడు నుంచి పన్నెండేళ్ళ లోపు నోటిమాట చాలు, పన్నెండు దాటితే వాళ్ళకి అర్థమయ్యే భాషలో రాసిన కాగితం మీద వాళ్ళ ఒప్పుదల తీసుకోవాలి. అంటే పదహారేళ్ళ పిల్ల మాటకి విలువ ఉంది, కానీ ఆ ఒక్క మాటే చాలదు. ఇంట్లో కూడా ఆ వయసులో పరిస్థితి అంతే కదా. నా ఒంటి మీద హక్కు నాదా, మా నాన్నదా అని మీ పాఠకులు రోజూ ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉంటారు.

సమ్మతి సరిగ్గా తీసుకుంటున్నారో లేదో చూడటానికి మేం అప్పుడప్పుడు వార్డుకి వెళ్ళేవాళ్ళం. ఒకసారి తలసేమియా అనే రక్తజబ్బు ఉన్న పదమూడేళ్ళ కుర్రాడు, వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నారు. కొత్త మాత్ర పరీక్ష. మామూలుగా తీసేదానికంటే నెలకి రెండుసార్లు ఎక్కువ రక్తం తియ్యాలి. నాన్న సంతకం పెట్టేశాడు. కుర్రాడు కాగితం మొత్తం చదివి, "నాకొద్దు" అన్నాడు. నాన్న కోప్పడ్డాడు, "కన్నవాణ్ణి నేను" అన్నాడు. పరిశోధకుడు మంచివాడు, ఆ మాత్ర కుర్రాడికి ఉపయోగపడుతుందని నిజంగా నమ్మినవాడు. అయినా చేర్చుకోలేదు. వాడికి మామూలుగా జరగాల్సిన వైద్యం మామూలుగానే సాగింది. బయటికి వచ్చాక నేను వాణ్ణి, నీకు భయమేసిందా అని అడిగాను. "భయం లేదు మేడం. సూదులు నాకు అలవాటే. ఇన్నేళ్ళలో ఎవరైనా నన్ను అడగడం ఇదే మొదటిసారి" అన్నాడు. మాత్ర మంచిదా చెడ్డదా అనే ఆలోచనే వాడికి లేదు. వద్దంటే నిజంగా ఆపుతారా అని చూసుకున్నాడు. ఆ కుర్రాడిని నేను మర్చిపోలేదు. మీ నీలలో వాడు కొంచెం ఉంటే బాగుంటుంది.

ఇప్పుడు కథకి పనికొచ్చే ఒక సాంకేతిక విషయం. మందు పనిచేస్తోందని తెలియాలంటే కొందరికి మందు ఇచ్చి, కొందరికి మందులా కనిపించే ఉత్త పదార్థం ఇచ్చి పోల్చాలి. ఎవరికి ఏది అనేది చీటీలు వేసినట్టు నిర్ణయిస్తారు. మా కమిటీలో వైద్యం తెలియని మామూలు మనిషి ఒకరు తప్పకుండా ఉండాలని నియమం. మాకు రిటైరైన తెలుగు మాస్టారు ఉండేవారు. ఇంగ్లీషు నుంచి తెచ్చిన తెలుగు సమ్మతి పత్రంలో "యాదృచ్ఛికీకరణ" అని రాసుంటే, ఆయన దాన్ని గట్టిగా చదివి, "ఇది నాకే నోరు తిరగడం లేదు, కూలికెళ్ళే మనిషికి ఏం తెలుస్తుంది? చీటీ వేస్తాం అని రాయండి" అన్నారు. అప్పట్నుంచి మా పత్రాల్లో చీటీ అనే ఉండేది. మీ రాజ్యంలో కూడా చీటీలు వేయించండి. నలభై మంది పిల్లలు, ఇరవై మందికి వెన్నెల తీగ రసం, ఇరవై మందికి దాని రంగు కలిపిన నీళ్ళు. చీటీలు తీసే పని నీలది. తన తమ్ముడికి నీళ్ళ చీటీ వస్తుంది. మార్చడం ఆమె చేతిలో పనే. మారిస్తే ఇంకొకరి తమ్ముడికి నీళ్ళు వెళతాయి, ప్రయోగం కూడా చెడుతుంది. మార్చకపోతే? సగం రోజులు గడిచేసరికి రసం తాగినవాళ్ళు కోలుకుంటున్నట్టు కనిపిస్తుంది. ఇంకా కచ్చితంగా తేలలేదు. ఇప్పుడే ఆపేసి అందరికీ ఇచ్చెయ్యాలా, తేలేదాకా ఆగాలా? నిజం ప్రయోగాల్లో ఇలాంటి ఘట్టం కోసమే, పరిశోధకులతో సంబంధం లేని వేరే బృందం మధ్యమధ్యలో లెక్కలు చూస్తుంది. మీ రాజ్యంలో అలాంటి బృందం లేదు. ఆ భారమంతా పదహారేళ్ళ పిల్ల మీద పడుతుంది. మీ నవలకి ఇంతకంటే మంచి టెన్షన్ కత్తియుద్ధాల్లో దొరకదు.

అన్నట్టు, భవిష్యత్తు చూపించే ఆ జ్యోతి కొలనుని తీసెయ్యండి. ఏమవుతుందో ముందే తెలిస్తే అది ప్రయోగమే కాదు. తెలియకపోవడం వల్లే ఈ ప్రశ్నలన్నీ పుడుతున్నాయి.

మాట్లాడే జింకల సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు, "మొదట జింకల మీద పరీక్షించాడు" అని. ఫాంటసీలో మీకున్న గొప్ప అవకాశాన్ని అక్కడ వదులుకున్నారు. మా ప్రయోగశాలలో ఎలుక నోరు విప్పి వద్దనలేదు, మీ జింక అనగలదు. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. 1888లోనూ, 1889లోనూ హైదరాబాద్‌లో నిజాం ఖర్చుతో, బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో, ఆపరేషన్లకి మత్తు ఇచ్చే క్లోరోఫామ్ మీద పెద్ద పరీక్షలు జరిగాయి. వందల కుక్కలు చనిపోయాయి. క్లోరోఫామ్ ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరే, గుండెకి నేరుగా ప్రమాదం లేదని తేల్చారు. తర్వాతి పరిశోధనల్లో గుండె కూడా హఠాత్తుగా ఆగిపోతుందని రుజువైంది. ప్రయోగం సరిగ్గా ఆలోచించి చెయ్యకపోతే, పోయిన ప్రాణాలకి బదులుగా తప్పుడు జవాబు మిగులుతుంది. అందుకే మేం కమిటీలో ముందు పద్ధతి సరిగ్గా ఉందా అని చూసేవాళ్ళం, కరుణ మాట ఆ తర్వాతే. జింకల మీద చేసిన లెక్కల్లో ఆచార్యుడు చేసిన ఒక పొరపాటుని నీల కనిపెడితే, ఆ అధ్యాయం బతుకుతుంది.

ఆచార్యుడు మందుని ముందు తనే తాగి చూపిస్తాడని రాశారు. అది ధైర్యమే. హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త 1897 జనవరిలో బొంబాయిలో తన ప్లేగు టీకాని ముందు తనకే వేసుకున్నాడు. ఆ తర్వాత పరీక్షించింది బైకుల్లా జైల్లో ఖైదీల మీద. తన ఒంటి మీద ప్రయోగం చేసుకున్నంత మాత్రాన ఇంకొకరి ఒంటి మీద హక్కు రాదు. ఈ మాట అనడానికి మీ కథలో ఒక ఖైదీ పాత్ర ఉంటే సరిపోతుంది.

నీల గురించి చివరగా. ఆమె రహస్యం కనిపెట్టిన మరుక్షణమే ఎదురు తిరగడం నాకు నమ్మశక్యంగా లేదు. అమెరికాలో అలబామా రాష్ట్రం టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా, సిఫిలిస్ ఉన్న 399 మంది నల్లజాతి పురుషులకి వైద్యం చెయ్యకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. వాళ్ళకి జబ్బు పేరు కూడా చెప్పలేదు, చెడు రక్తం అన్నారంతే. ఆ నలభై ఏళ్ళూ వాళ్ళని కనిపెట్టుకుని ఉన్న నర్సు యూనిస్ రివర్స్ కూడా నల్లజాతి మనిషే. కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళేది, ఇళ్ళకి వెళ్ళి పలకరించేది, వాళ్ళంటే ఆమెకి నిజమైన అభిమానం. ఆ అభిమానం వల్లే వాళ్ళు వెళ్ళిపోకుండా ఉన్నారు. నేను విద్యార్థులకి ఈ చరిత్ర చెప్పినప్పుడల్లా డాక్టర్ల మీద కోపం తెచ్చుకోవడం తేలిగ్గానే ఉండేది, రివర్స్ దగ్గరికి వచ్చేసరికి క్లాసు నిశ్శబ్దమైపోయేది. మీ నీల కూడా ముందు కొన్ని నెలలు ఆ పిల్లలకి జడలు వెయ్యాలి, పాటలు పాడాలి, మందు చేదు తెలియకుండా బెల్లం ముక్క పెట్టాలి. వాళ్ళు మందు తాగింది ఆమె చేతిమీద నమ్మకంతో అని తర్వాత ఆమెకి తెలియాలి. అప్పుడు ఆమె ఎదురు తిరిగేది ఆచార్యుడి మీదే కాదు.

ఇక తాళపత్రాలు కాల్చడం. దాఖౌ నిర్బంధ శిబిరంలో నాజీ డాక్టర్లు ఖైదీల్ని మంచునీళ్ళలో ఉంచి చేసిన పరీక్షల ఫలితాలు వాడవచ్చా కూడదా అని వైద్యులు దశాబ్దాలు వాదించుకున్నారు. ఆ డాక్టర్ల మీద నడిచిన విచారణలోంచే 1947లో న్యూరెంబర్గ్ నియమావళి పుట్టింది. మనిషి తన ఇష్టంతో ఒప్పుకోవడం తప్పనిసరి అనేది అందులో మొదటి నియమం. నా అభిప్రాయం అడిగితే, నీల కాల్చకూడదు. మీ కథలో మందు పనిచేస్తుంటే, కాల్చడం వల్ల ఆ పిల్లలు పడ్డ బాధంతా ఎవరికీ ఉపయోగపడకుండా పోతుంది, జ్వరం మళ్ళీ వస్తే ఇంకో ఆచార్యుడు మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడతాడు. ఉంచితే, దొంగతనంగా చేసినదాన్ని ఒప్పుకున్నట్టవుతుంది. ఈ నిర్ణయం నీలది కూడా కాదని నాకనిపిస్తుంది. ఆమె మందు తాగలేదు. నలభై మందిలో బతికున్నవాళ్ళని పిలిచి, తాళపత్రాలు వాళ్ళ ముందు పెట్టి, ఈసారి అడగాలి. వాళ్ళు ఒక్కమాట మీద ఉండరు, ఉండనక్కర్లేదు.

ఆ తాళపత్రాల్లో ఆచార్యుడు పిల్లల్ని ఒకటో పాత్ర, రెండో పాత్ర అని రాసుకున్నాడు కదా. మా ఫైళ్ళలోనూ చాలాకాలం "సబ్జెక్టు నంబరు" అనే ఉండేది. ఆ అంకెల పక్కన నీల పేర్లు రాస్తున్న పేజీ ఒకటి పెట్టండి. కొందరి పేర్లు ఆమెకి గుర్తురావు, పక్కన కూర్చున్న పిల్లల్ని అడిగి రాసుకుంటుంది. ఆ పేజీ రాశాక నాకు పంపండి. నీళ్ళ చీటీ వచ్చిన పిల్లల పేర్లు కూడా అందులో ఉండాలి.